బెంగళూరులో రెండు నెలల సెలవులు, ఇద్దరు పిల్లలు: ఏం చేయించాలి?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. బాబుకి తొమ్మిదేళ్లు, నాలుగో తరగతి అయిపోయింది. పాపకి ఐదేళ్లు, యూకేజీ పూర్తయింది. కుందలహళ్లి దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటారు, మీరిద్దరూ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఏప్రిల్, మే నెలల్లో మీ అత్తగారు తెనాలి నుంచి వచ్చి తోడుంటారు, మామగారు అక్కడే ఉండిపోతారు. సెలవుల్లో చదివిందంతా మర్చిపోతారేమోనని టెన్షన్. ఫోన్ పట్టుకుంటే వదలరని భయం. క్యాంపుల ఫీజులు చూస్తే గుండె జారుతోంది. వర్క్‌షీట్ల పుస్తకం ఆర్డరు పెట్టాలా వద్దా అని సందేహం. ఇంకోటి, బాబు స్కూల్లో ఇంగ్లీషు, హిందీ, కన్నడ చదువుతాడు గానీ తెలుగు చదవడం రాదు.

నేను ఈ ఊళ్లోనే ప్రైమరీ తరగతులకు లెక్కలు, సైన్సు చెప్పి రిటైరయినదాన్ని. నాకు తోచింది వివరంగానే రాస్తాను.

వర్క్‌షీట్ల సంగతి ముందు తేల్చేద్దాం: కొనకండి. ఆ పుస్తకంలో ప్రతి ప్రశ్నకీ జవాబు చివరి పేజీలో ఉంటుందని మీకు తెలుసు, వాడికీ తెలుసు. బడిలో మేం అడిగే ప్రశ్నలు కూడా దాదాపు అలాంటివే, జవాబు టీచరుకి ముందే తెలిసినవి. నలభై మందిని వెంటేసుకుని సిలబస్ పూర్తి చేయాలంటే బడికి అది తప్పదు. ఇంట్లో ఆ ఇబ్బంది లేదు కదా. సెలవుల్లో పిల్లాడి ముందు పెట్టాల్సింది ఇంట్లో ఎవరికీ జవాబు తెలియని ప్రశ్న. ఆ జవాబు ఇంటికి పనికొచ్చేదైతే మరీ మంచిది. ఎవరూ చెప్పకుండా పిల్లలు తమంతట తాము పెన్సిలు పట్టుకోవడం నేను చూసింది అలాంటి చోట్లే.

మర్చిపోవడం గురించి. అది పూర్తిగా అపోహేమీ కాదు. అమెరికాలో హారిస్ కూపర్, ఆయన సహచరులు 1996లో 39 అధ్యయనాలను కలిపి చూస్తే, వేసవి అయ్యాక పిల్లలు సగటున నెల రోజుల చదువు వెనకబడుతున్నారని తేలింది. అంత నష్టం లేదని తర్వాత వాదించినవాళ్లూ ఉన్నారు. నాకు అందులో పనికొచ్చేదిగా కనిపించిన సంగతి వేరే. ఎక్కువ దెబ్బతిన్నవి కూడికలు, తీసివేతలు, గుణకారాల్లాంటి చేతి లెక్కలు, స్పెల్లింగులు. అంటే రోజూ చేస్తేనే చేతికి ఉండేవి. అర్థం చేసుకున్న విషయం అంత తేలిగ్గా పోదు. మా తరగతుల్లో జూన్‌లో నేను చూసిందీ అదే: భిన్నం అంటే ఏమిటో గుర్తుంటుంది, ఏడో ఎక్కం మాత్రం ఏడు ఆరులు దగ్గర ఆగిపోతుంది.

కోవిడ్ తర్వాత వచ్చిన వార్తలు మీ మనసులో ఉండి ఉంటాయి. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ 2021లో కర్ణాటకతో సహా 5 రాష్ట్రాల్లో చూస్తే, 92 శాతం పిల్లలు అంతకుముందు వచ్చిన భాషా నైపుణ్యాల్లో కనీసం ఒకటి పోగొట్టుకున్నారని, లెక్కల్లో అలాంటివాళ్లు 82 శాతమని తేలింది. కానీ అది ఏడాది పైగా బడి మూతబడినప్పటి మాట. రెండు నెలల సెలవులకు ఆ భయం తగిలించుకోవద్దు. ఎక్కాలకు, స్పెల్లింగులకు పొద్దున టిఫిన్ అయ్యాక పదిహేను నిమిషాలు కేటాయించండి, ఆదివారం మానేయండి. దానితో ఆ ముచ్చట ముగిసింది. మిగతా రోజంతా వేరే.

ఇప్పుడు అసలు విషయం. మీ అత్తగారు వచ్చేది ఆవకాయ రోజుల్లో. మీరు రాసినదాన్ని బట్టి ఆవిడ ఏటా ఇక్కడే జాడీ పెట్టి వెళతారు, మీకు మాత్రం ఆ పాళ్లు ఇప్పటికీ పట్టుబడలేదు. చాలా ఇళ్లలో ఇంతే. అడిగితే "చూసి వేస్తానమ్మా" అంటారు. ఎంత వేశారో ఆవిడకీ అంకెల్లో తెలియదు. బాబుకి ఈ పని అప్పగించండి: నాయనమ్మ ఆవకాయ పాళ్లు గ్రాముల్లో కనిపెట్టాలి. ఆవిడ ఉప్పు పోసేముందు గిన్నె వాడి చేతికి రావాలి, వంటింటి కాటా మీద తూచి, పుస్తకంలో రాసుకుని, తిరిగి ఇవ్వాలి. కారం, ఆవపిండి, నూనె, ముక్కలు అన్నీ అంతే. ఆవిడ మధ్యలో రుచి చూసి "ఇంకొంచెం" అంటే ఆ కొంచెం కూడా తూకానికి రావాల్సిందే.

దీంట్లో ఎంత చదువుందో చూడండి. ఒకే గ్లాసుతో ఉప్పు, కారం, ఆవపిండి కొలిచి తూస్తే మూడు బరువులు వస్తాయి. గ్లాసు ఒకటే కదా, బరువు ఎందుకు మారింది? సాంద్రత అనే పాఠం పై తరగతుల్లో వచ్చేసరికి వాడి చేతికి అది ముందే తెలిసి ఉంటుంది. నాలుగు గ్లాసుల ముక్కలకు ఒక గ్లాసు కారం అని ఆవిడ లెక్క అనుకుందాం. ముక్కలు పదకొండు గ్లాసులు అయితే కారం ఎంత? రెండు ముప్పావు. పుస్తకంలో భిన్నాలంటే ముఖం తిప్పుకునే పిల్లలు ఇక్కడ తిప్పుకోరు, ఎందుకంటే తప్పితే జాడీ మొత్తం పాడవుతుందని తెలుసు. నాలుగుకి ఒకటా, ఐదుకి ఒకటా అనే గొడవలోకి నేను రాను. అది మీ గుంటూరు జిల్లావాళ్లే తేల్చుకోవాలి.

పాత కొలతలు కూడా అడిగించండి. గిద్దకు రెట్టింపు అరసోల, దానికి రెట్టింపు సోల, ఆపైన తవ్వ, మానిక, అడ్డ, కుంచం. ప్రతిదీ కిందిదానికి రెట్టింపే. కుంచానికి ఎన్ని గిద్దలో వాణ్ణి లెక్కపెట్టమనండి, 64 వస్తుంది. కంప్యూటర్ మెమరీలోనూ ఇవే రెట్టింపులు కనిపిస్తాయి కాబట్టి ఆ కబురు మీ ఆయన చెప్తే బాగుంటుంది. ఇంట్లో సోల ఉంటే దాంట్లో నీళ్లు పోసి ఎన్ని మిల్లీలీటర్లో కొలవండి. ఊరికో కొలత నడిచిన వస్తువది, మీ ఇంటి సోల ఎంతో కొలిస్తేనే తెలుస్తుంది.

జాగ్రత్తలు: ముక్కలు మార్కెట్లోనే కొట్టించుకురండి. కారం కలిపేటప్పుడు పాపని దూరంగా ఉంచండి, బాబు చేతులు సబ్బుతో కడుక్కునేదాకా కళ్ల జోలికి పోకూడదు. పాపకి ముక్కలు తుడిచి గుడ్డ మీద ఆరబెట్టే పని ఇవ్వండి, పదేసి చొప్పున వరుసలు పెట్టమనండి. ఐదేళ్లకి ఇంతకన్నా మంచి లెక్కల పాఠం నాకు తెలియదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పని అయ్యాక "అయితే ఈరోజు ఏం నేర్చుకున్నావు?" అని అడగొద్దు. అడిగారా, అంతవరకూ పనిగా ఉన్నది పాఠమైపోతుంది, రేపు పిలిస్తే రాడు. మీకు ఉబలాటంగానే ఉంటుంది, తెలుసు. ఆపుకోండి.

రెండో పని నీళ్లది. మీ వైపు అపార్ట్‌మెంట్లకు బోర్లు, ట్యాంకర్లు కొత్త కాదు. 2024 వేసవిలో ఈ ఊరంతా నీళ్ల కోసం పడ్డ పాట్లు మీకు చెప్పక్కర్లేదు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ సాయంత్రాలు ఉరుములతో వానలు పడతాయి. మేడ మీద ఎంత నీరు పడుతోంది, అది ఎన్ని ట్యాంకర్లకు సమానం? మీ అసోసియేషన్‌లో ఎవరినైనా అడగండి, టక్కున చెప్పగలిగినవాళ్లు ఉండరు. కాబట్టి ఇది బాబుకి సరైన ప్రశ్న.

అడుగు చదునుగా, గోడలు నిటారుగా ఉన్న డబ్బా ఒకటి చాలు. పైనా కిందా ఒకే వెడల్పు ఉండాలి, ఇది ముఖ్యం. పక్కన స్కేలు అతికించి, పిట్టగోడకి దూరంగా మేడ మీద పెట్టి, గాలికి పడిపోకుండా ఇటుకలు ఆనించాలి. వాన వెలిశాక ఎన్ని మిల్లీమీటర్లో చూసి తారీఖుతో రాయాలి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు. ఎందుకో మీరు చెప్పకండి, చాక్‌పీసుతో మేడ మీద మీటరు చదరం గీసి వాడినే ఆలోచించనివ్వండి. రెండు రోజులు పట్టినా పర్లేదు. 30×40 అడుగుల మేడ అంటే సుమారు 111 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 2,200 లీటర్లకు పైనే. 12,000 లీటర్ల ట్యాంకరు నిండాలంటే అలాంటి వానలు ఎన్ని కావాలి? మీ అపార్ట్‌మెంట్ మేడ ఇంకా పెద్దది, దాన్ని అడుగులతో కొలవడం మరో సాయంత్రం పని. పాప అడుగులు, బాబు అడుగులు వేరువేరుగా వస్తాయి, దాని మీద కాసేపు దెబ్బలాట కూడా జరుగుతుంది. జరగనివ్వండి.

లెక్క తేలాక అసోసియేషన్ సెక్రటరీ గారికి బాబు చేతే ఒక కాగితం ఇప్పించండి. బెంగళూరులో వాన నీటి సంరక్షణను 2009లోనే చట్టంలోకి తెచ్చారు, పెద్ద స్థలాలకు అది తప్పనిసరి. మరి మీ మేడ మీది పైపులు ఎక్కడికి పోతున్నాయో వెతుక్కుంటూ పిల్లలు కిందిదాకా వెళ్లి చూడొచ్చు. ఆసక్తి నిలబడితే జయనగర్ ఐదో బ్లాకులో నీటి బోర్డు వారి వాన నీటి సంరక్షణ పార్కు ఉంది, సర్ ఎం. విశ్వేశ్వరయ్య పేరు మీద. రకరకాల పద్ధతులు నిజంగా కట్టి చూపిస్తారు.

మూడోది నీడ. ఇది మీ మామగారి కోసం. ఆయన ఒక్కరే తెనాలిలో ఉన్నారన్నారు కదా, ఆయనకీ ఒక పని.

ఏటా ఏప్రిల్ 24 లేదా 25న బెంగళూరులో మధ్యాహ్నం 12 గంటల 17 నిమిషాల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పక్కకి పడదు, దాని కిందే అణిగిపోతుంది. దీన్నే జీరో షాడో డే అంటారు. కర్కాటక, మకర రేఖల మధ్య ఉన్న ఊళ్లలోనే ఇది కనిపిస్తుంది, ఏడాదికి రెండుసార్లు. మనకు రెండోది ఆగస్టు 18 ప్రాంతంలో. కానీ ఆగస్టులో మబ్బులు, పైగా బడి. ఏప్రిల్‌ది సెలవుల్లో వస్తుంది, ఎండ కూడా దండిగా ఉంటుంది.

ముందు వారం నుంచే మొదలుపెట్టండి. మీటరు కర్ర నిటారుగా నిలబెట్టి, రోజూ అదే సమయానికి నీడ కొన దగ్గర గీత గీయాలి. ఏప్రిల్ 24కి ముందు మధ్యాహ్నపు నీడ ఉత్తరం వైపు పడుతుంది. ఆ రోజు మాయమవుతుంది. ఆ తర్వాత దక్షిణం వైపు తిరుగుతుంది! సూర్యుడు మనకు ఎప్పుడూ దక్షిణంగానే ఉంటాడనుకునే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు. మే నెలలో బెంగళూరులో మిట్టమధ్యాహ్నం సూర్యుడు తలకి ఉత్తరాన ఉంటాడని పిల్లాడు కర్రతో చూపిస్తే వాళ్ల మొహాలు చూడాలి.

అదే రోజు మధ్యాహ్నం మామగారు తెనాలిలో మీటరు కర్ర పెట్టి నీడ కొలవాలి. అక్కడ మధ్యాహ్నం కొంచెం ముందే అవుతుంది, అందుకని పన్నెండుకి ఐదు నిమిషాల ముందు నుంచి పావుగంట పాటు చూసి అతి పొట్టి నీడ రాసుకోమనండి. దాదాపు 6 సెంటీమీటర్లు రావాలి. ఇక్కడ సున్నా, అక్కడ 6. ఎందుకని? భూమి బల్లపరుపుగా ఉంటే, అంత దూరాన ఉన్న సూర్యుడి వల్ల రెండు చోట్లా ఒకేలా పడాలి కదా. 2,200 ఏళ్ల కిందట ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో రెండు ఊళ్ల నీడలతో భూమి చుట్టుకొలత కట్టింది ఈ తేడాతోనే. తొమ్మిదేళ్ల వాడికి ఆ కోణాల లెక్క అక్కర్లేదు. ఒక బత్తాయి పండు మీద రెండు టూత్‌పిక్‌లు గుచ్చి టార్చిలైటు వేసి చూపిస్తే చాలు. తెనాలిలో నీడ మాయమయ్యేది మే 5 ప్రాంతంలో. అప్పుడు తాతగారు ఫోన్ చేసి చెప్పాలి, ఇక్కడ వీడు దక్షిణపు నీడ కొలిచి చెప్పాలి.

ఎండ సంగతి మర్చిపోకండి. టోపీ పెట్టి పది నిమిషాలు పైకి వెళ్లి దిగిరావడమే. సూర్యుణ్ణి నేరుగా చూడొద్దని ఇద్దరికీ రెండుసార్లు చెప్పండి.

తెలుగు చదవడం ఇక్కడే కలుస్తుంది. తాతగారికి నీడ కొలత ఇంగ్లీషులో కాక తెలుగులో రాసి పంపాలని నియమం పెట్టండి. ఆయన కాగితం మీద చేత్తో రాసి ఫోటో తీసి జవాబు పంపాలి. టైపు చేసింది వద్దు.

బాబుకి కన్నడ వచ్చు కాబట్టి సగం పని అయిపోయినట్టే. ఒకప్పుడు రెండు భాషలకూ ఒకే లిపి, తర్వాత విడిపోయింది. గ, జ, ద, బ, మ, ర, ల చూపిస్తే వాడు అడగకుండానే చదివేస్తాడు. తడబడేది క, త, శ లాంటి కొన్ని దగ్గర. తలకట్టు కన్నడలో పైన అడ్డంగా ఉంటుంది, తెలుగులో టిక్కు పెట్టినట్టు ఉంటుంది. కన్నడలో గుడికి దీర్ఘం అక్షరం పక్కన విడిగా వస్తుంది, మనకు గుడే మెలిక తిరుగుతుంది. ఈ తేడాలు ఒక చార్టు మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటిస్తే చాలు. అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టి రోజుకో అక్షరం దిద్దించొద్దు. మూడు భాషలు చదివే పిల్లాణ్ణి మళ్లీ ఎల్‌కేజీలో కూర్చోబెట్టినట్టు ఉంటుంది, వాడికి చిన్నతనం.

దీనికి మీ అత్తగారే గొప్ప సాయం. ఆవిడకి ఇంగ్లీషు రాదన్నారు, తెలుగు బాగా చదువుతారు. మెట్రో ఎక్కించండి. మీ కుందలహళ్లి నుంచి పర్పుల్ లైన్‌లో హూడి, బెన్నిగానహళ్లి, ఇందిరానగర్, హలసూరు మీదుగా కబ్బన్ పార్కు దాకా రైలు మారకుండా వెళ్లొచ్చు. ప్రతి స్టేషన్‌లోనూ కన్నడ బోర్డు ఉంటుంది. ఆవిడ తెలుగు కళ్లతో చదవాలి, వాడు కన్నడ కళ్లతో చదవాలి, ఎవరు ముందు చెప్తే వాళ్లు గెలిచినట్టు. తర్వాత ఆ పేర్లు వాడు తెలుగు అక్షరాల్లో రాయాలి. వారం తిరిగేసరికి ఆవిడ కన్నడ బోర్డులు చదువుతారు, వీడు తెలుగు చదువుతాడు. ఇద్దరికీ లాభమే.

చదవడానికి పుస్తకాలు కావాలంటే బెంగళూరులోనే పుట్టిన ప్రథమ్ బుక్స్ ఉంది. 2015 నుంచి వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు కూడా ఉచితంగా దొరుకుతున్నాయి, కష్టాన్ని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి పెట్టారు. ఇక్కడొక చిట్కా. బాబు చదవగలిగేది మొదటి మెట్టు కథలే, అవి చిన్నపిల్లలవి, వాడు చదవనంటాడు. "పాపకి నువ్వు చదివి వినిపించాలి" అనండి. అప్పుడు అది చెల్లెలి పుస్తకం, వాడు టీచరు. వాడి గౌరవం వాడికి దక్కుతుంది, పాపకి కథ దక్కుతుంది. వీలైతే ప్రింటు తీయండి, మళ్లీ స్క్రీనే చూపించడం దేనికి.

ఆటల్లో నేను అష్టాచమ్మాకే ఓటేస్తాను. ఐదు గళ్లు ఇంటూ ఐదు గళ్లు చాక్‌పీసుతో నేల మీద గీయొచ్చు, కర్ణాటకలో దాన్నే చౌకాబార అంటారు కాబట్టి పక్కింటి పిల్లలకూ తెలిసే ఉంటుంది. నాలుగు చింతగింజలు ఒకవైపు గరుకు బండ మీద తెల్లగా వచ్చేదాకా అరగదీయండి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గళ్లు. నాలుగూ తెల్లగా పడితే చమ్మా, నాలుగూ నల్లగా పడితే అష్టా, ఎనిమిది.

ఆడాక అడగండి: ఏది ఎక్కువసార్లు పడుతుంది? ఒకటా, రెండా, మూడా? ఇంట్లో ఒక్కొక్కరు ఒక్కోటి పందెం కాసి వందసార్లు వేసి గీతలు పెట్టండి. నాలుగు గింజలు మొత్తం 16 రకాలుగా పడొచ్చు. వాటిలో ఒకటి పడేవి 4, రెండు పడేవి 6, మూడు పడేవి 4, చమ్మా ఒకటే, అష్టా ఒకటే. గింజ రెండు వైపులకూ సమానంగా పడితే వందసార్లు వేస్తే రెండు అనేది 37, 38 సార్లు రావాలి, చమ్మా 6 సార్లు. మీ గింజలతో అలా రాకపోవచ్చు. అప్పుడు గింజ తప్పా, లెక్క తప్పా? గవ్వలతో వేస్తే ఇంకోలా వస్తుంది, ఎందుకంటే గవ్వ రెండు వైపులూ ఒకలా ఉండదు. మీ గవ్వల సంగతి మీ గవ్వలతో వేస్తేనే తెలుస్తుంది. కాలేజీకి వెళ్లాక సంభావ్యత చూసి హడలిపోయే పిల్లలున్నారు. చిన్నప్పుడు ఇలా వందసార్లు గింజలు వేసినవాడు హడలిపోడు.

పాపకి వామనగుంటలు. చెక్క పీట లేకపోతే గుడ్ల ట్రేలు కత్తిరించి, ఏడేసి గుంటలు రెండు వరుసలు వచ్చేలా అతికించుకోండి. గింజలు పంచుకుంటూ పోవడంలోనే లెక్క వస్తుంది. నాయనమ్మతో ఆడితే ఇంకా త్వరగా వస్తుంది, మనవరాళ్లతో ఆడేటప్పుడు నాయనమ్మలు ఓడిపోవడానికి తొందరపడరు, చూశారా.

ఊరు తిరగడం గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే అందరూ ఎక్కువ తిప్పుతారు. ఒక్కసారికి ఒక్క వస్తువు. కస్తూర్బా రోడ్డులోని విశ్వేశ్వరయ్య మ్యూజియానికి వెళ్తే అన్ని గ్యాలరీలూ పరుగెత్తి చూడకండి. ఇంజిన్ల హాలులో ఒక యంత్రం ముందు కూర్చుని బొమ్మ గీసుకుని వచ్చేయండి. ఆ విశ్వేశ్వరయ్య గారి పూర్వీకులది గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం అని, 1908లో మూసీ వరదలు హైదరాబాదును ముంచెత్తాక ఆయన్నే పిలిపించి ఉపాయం అడిగారని, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచనలోంచి వచ్చాయని చెప్తే, వాన లెక్కలు కట్టిన పిల్లాడికి వెంటనే తగులుతుంది. లాల్‌బాగ్‌లో పూల కంటే ముందు ఆ పెద్ద బండ ఎక్కించండి. దాని వయసు 300 కోట్ల ఏళ్లు. డైనోసార్లు పుట్టడానికి చాలా చాలా ముందుది, దాని మీద కూర్చుని సమోసా తినొచ్చు. ప్లానిటోరియానికి సోమవారం సెలవు. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డులో హెచ్‌ఏఎల్ విమానాల మ్యూజియం మీకు దగ్గరే, ఒక పూట చాలు.

క్యాంపులు: ఒకటి చాలు, అదీ ఒళ్లు కదిలేది. ఈత నేర్పేదైతే డబ్బు వృథా కాదు. మిగతావాటికి ఫీజు కట్టేముందు రెండే ప్రశ్నలు అడగండి: ఒక టీచరుకి ఎంతమంది పిల్లలు? చివర్లో పిల్లాడు తన చేత్తో చేసింది ఏం తెస్తాడు? సర్టిఫికెట్ అంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఐదేళ్ల పాపకి కోడింగ్ క్యాంపు అసలొద్దు. చేతిపని మీద ఇష్టముంటే అరవింద్ గుప్తా గారి వీడియోలు చూడండి, అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వు ట్యూబు, పాత పేపర్లతో బొమ్మలు చేసి చూపిస్తారు. భాష అర్థం కాకపోయినా చేతులు చూస్తే పని తెలుస్తుంది.

ఫోన్‌కి మంత్రమేమీ లేదు. మన పిల్లల డాక్టర్ల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, రెండు నుంచి ఐదేళ్లవారికి రోజుకి గంట, ఐదు నుంచి పదేళ్లవారికి రెండు గంటలు మించొద్దంటోంది. సెలవుల్లో గంటల లెక్క కంటే సమయం ఖాయం చేయడం తేలిక. మధ్యాహ్నం అత్తగారు నడుం వాల్చే వేళ ఇవ్వండి, ఆవిడకీ విశ్రాంతి కావాలి. ఆవిడ మీ ఇంటికి వచ్చింది ట్యూషన్ చెప్పడానికి కాదు కదా. ఆ వేళ తప్ప ఫోన్ లేదు అంటే రెండు రోజులు ఏడుస్తారు, మూడో రోజు "బోర్ కొడుతోంది" అంటారు. ఆ మాట వినగానే మీరు ఏదో ఒకటి చేతికివ్వాలని కంగారుపడొద్దు. కాసేపు విసుగ్గా తిరగనివ్వండి, వాళ్లే ఏదో ఒకటి మొదలుపెడతారు.

ఇవన్నీ ఒకేసారి పెట్టుకోకండి. నీడ ఏప్రిల్‌లో, ఆవకాయ కాయలు బాగున్నప్పుడు, వాన డబ్బా రెండు నెలలూ. మీరిద్దరూ ఆఫీసు నుంచి వచ్చాక అరగంట ఆ పుస్తకం చూస్తే చాలు. దిద్దొద్దు. ఎర్ర పెన్ను అసలు తీయొద్దు. అర్థం కానిచోట నిజంగా అర్థం కాలేదని అడగండి, వాడు చెప్తాడు.

ఇక స్కూలు ఇచ్చిన హాలిడే హోంవర్క్. దాన్ని మే చివరి వారానికి వదిలేస్తే రాత్రి పదకొండింటికి చార్టులు అతికించేది మీరే. ఏప్రిల్‌లోనే, ఆ పొద్దుటి పదిహేను నిమిషాల్లోనే, కొంచెం కొంచెంగా చేయించేయండి. ప్రాజెక్టు ఏదో ఒకటి చేసుకురమ్మని ఉంటే వాన పుస్తకాన్ని అలాగే ఇచ్చి పంపండి, మరకలు, కొట్టివేతలతో సహా. నెట్‌లోంచి ప్రింటు తీసి అతికించిన చార్టులు ఏళ్ల తరబడి దిద్దినదాన్ని కాబట్టి చెప్తున్నాను, ఆ కట్టలో అలాంటి పుస్తకం ఒకటి కనిపిస్తే ఏ టీచరైనా ముందు దాన్నే తెరుస్తుంది.